ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సిరంజి

గవర్నర్‌పేటలో ఒకే కంటి ఆస్పత్రిలో, ఒకే డాక్టరు గారి దగ్గర పాతికేళ్ళకు పైగా థియేటర్ సిస్టర్‌గా పనిచేశాను. మా ఆస్పత్రి కింద బట్టల హోల్‌సేల్ కొట్టు, పక్కన లాడ్జి ఉండేవి. రెండింటి మెట్లూ ఒకలాగే ఉండటంతో కంటి ఆపరేషన్‌కి వచ్చినవాళ్ళు లాడ్జిలోకి, గది కోసం వచ్చినవాళ్ళు మా దగ్గరికి వస్తుండేవాళ్ళు. ఒకాయనైతే మా బల్ల ముందు కూర్చుని ఫ్యాను ఉన్న గది కావాలని అడిగి, ఎలాగూ వచ్చాను కదా అని కళ్ళు చూపించుకుని వెళ్ళాడు.

నర్సింగ్ చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ సర్వీసులో మర్చిపోలేని కేసు చెప్పండి మేడమ్ అంటారు. వాళ్ళ మనసులో ఏదో పెద్ద ఆపరేషన్ ఉంటుంది. నాకు మాత్రం మా పాత ఫ్రిజ్ గుర్తొస్తుంది. సింగిల్ డోర్‌ది, తలుపు మూయాలంటే మోకాలితో నొక్కాలి. అందులో మా డాక్టరు గారు ప్రాణంలా చూసుకునే మందు ఒకటి ఉండేది. దాని పేరు సోడియం హైలూరోనేట్.

ఇప్పుడు ఈ పేరు అందరికీ తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు పొడిబారినవాళ్ళు వేసుకునే చుక్కల మందులో ఉండేది ఇదే. ముఖానికి రాసుకునే క్రీముల మీద కూడా దీని పేరు కనిపిస్తోంది. తొంభైల్లో అలా కాదు. సన్నటి గాజు సిరంజిలో ఒక్క కంటికి సరిపడా వచ్చేది. చూడటానికి నీళ్ళలా ఉండేది, వేళ్ళ మధ్య పట్టుకుంటే తేనెలా సాగేది. కోడిపుంజు తల మీది ఎర్రటి జుట్టులోంచి దీన్ని తీస్తారని కంపెనీ మనిషి చెప్పిన రోజున మా ఆయమ్మ, ఆ ఫ్యాక్టరీ ఏదో మన జిల్లాలోనే పెట్టమనండి, పందెంలో ఓడిన పుంజులు బోలెడు దొరుకుతాయి అంది.

ఇది చేసే పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే మిగతా సంగతి అర్థం కాదు. శుక్లం ఆపరేషన్‌లో కంటికి కోత పెట్టగానే ముందు భాగంలో ఉన్న నీరు బయటికి వచ్చేస్తుంది. కర్ర లాగేసిన గుడారంలాగా కార్నియా, అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, కిందికి కూలబడుతుంది. ఆ పొరకి లోపలి వైపు ఒకే వరస కణాలుంటాయి. పొరని అద్దంలా ఉంచేవి అవే. పనిముట్టు తగిలి అవి రాలిపోయాయా, మళ్ళీ పుట్టవు. హైలూరోనేట్ ఎక్కిస్తే అది దిండులా లోపల నిలబడి ఆ పొరని పైకి ఎత్తి పట్టుకుంటుంది. పని పూర్తయ్యాక మళ్ళీ మొత్తం కడిగేయాలి. మిగిలిపోతే కంట్లో ప్రెషర్ పెరుగుతుంది. మామూలు కేసులకి తక్కువ ధరలో దొరికే వేరే జిగురు మందు వాడేవాళ్ళం, దానితో వేలమందికి చూపు వచ్చింది. హైలూరోనేట్ మాత్రం కష్టమైన కేసుల కోసం ఒకటో రెండో దాచుకునేవాళ్ళం. చల్లగా ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. డబ్బా మీద ఆ రెండు ముక్కలూ స్పష్టంగా రాసి ఉండేవి.

తొంభైల మధ్యలో ఒక ఎండాకాలం. రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలంటారు చూడండి, అవే. ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీది ఊరి నుంచి ఒకావిడ తమ్ముణ్ణి తోడు తీసుకుని వచ్చింది. యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. నాలుగు గేదెల్ని పెట్టుకుని ఎవరి మీదా ఆధారపడకుండా బతుకుతోంది.

ఆవిడకి ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. కుప్పనూర్పుళ్ళప్పుడు వడ్లగింజ ఎగిరి కంట్లో పడింది. ఎవరో ఏదో ఆకు పసరు పిండారు. పుండు పడి, కన్ను తెల్లబడిపోయింది. డెల్టాలో కంటి ఆస్పత్రుల్లో పనిచేసినవాళ్ళకి ఈ కథ కొత్త కాదు, మనిషే మారుతుంది. ఆ భయంతోనే కుడి కంట్లో శుక్లం వచ్చినా ఆవిడ ఆస్పత్రి గడప తొక్కలేదు. ఉన్న ఒక్కటీ కోయించుకుని పోగొట్టుకోవడం దేనికని అలా నెట్టుకొచ్చింది. చివరికి గేదె పొదుగు చేత్తో తడుముకునే దాకా వచ్చింది. అప్పుడైనా వచ్చేది కాదు. శుక్లం ముదిరి లోపల ఉబ్బి, కంట్లో ప్రెషర్ పెరిగి, తలపోటు తట్టుకోలేక వచ్చింది.

డాక్టరు గారు ప్రెషర్ తగ్గడానికి మాత్రలిచ్చి, సెలైన్‌తో పాటు మందు ఎక్కించమన్నారు. మైక్రోస్కోపులో చాలాసేపు చూశాక నన్ను పక్కకి పిలిచారు. కార్నియా లోపలి కణాలు ఆవిడకి ముందునుంచే బలహీనంగా ఉన్నాయట. మాత్రలతో ప్రెషర్‌ని ఒకటి రెండు రోజులకంటే ఆపలేమని, మర్నాడు పొద్దున్నే చేసేయాలని చెప్పారు.

"హైలూరోనేట్ ఒకటి ఉందిగా?" అన్నారు.

"ఉంది సార్," అన్నాను. ఉంది, ఒకే ఒక్కటి.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. మా జనరేటర్ చిన్నది, థియేటర్ దీపాలకే చాలేది. సాయంత్రం ఆరు దాటినా కరెంటు రాలేదు. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే లోపల బయటంత వేడిగా ఉంది. పైన ఐస్ అరలో మాత్రం ట్రేలో ఐసు సగం కరిగి ఇంకా చల్లగా ఉంది. సిరంజి డబ్బా తీసి ఆ ట్రేకి ఆనించి పెట్టాను. కరెంటు రాగానే కిందికి మార్చాలనుకున్నాను. కరెంటు వచ్చేసరికి నేను వన్‌టౌన్ వెళ్ళే బస్సులో ఉన్నాను. వీధి దీపాలు వెలగడం చూసి, హమ్మయ్య, ఇంట్లో ఫ్యాను తిరుగుతుంది అనుకున్నానే గానీ ఫ్రిజ్ సంగతి తట్టలేదు. నిర్లక్ష్యంతో జరిగిన పొరపాటయితే కాదు. జాగ్రత్త ఎక్కువై చేసింది. కంటికి ఆ తేడా తెలియదు కదా.

పొద్దున వచ్చి ఐస్ అర తెరిస్తే డబ్బా మంచుకి అంటుకుపోయి ఉంది. విప్పి చూస్తే సిరంజిలో మందు తెల్లగా, సుద్దముక్కలా బిగుసుకుపోయింది. దాన్ని అరచేతుల మధ్య పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. కాసేపటికి కరిగింది. కరిగాక మళ్ళీ ఎప్పటిలాగే స్వచ్ఛంగా, నీళ్ళలా ఉంది. గాజు చిట్లలేదు. ఎవరు చూసినా ఏమీ జరగలేదనే అనుకుంటారు.

థియేటర్ ఇన్‌ఛార్జిగా ఒక పెద్దాయన ఉండేవారు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. పని నేర్పింది ఆయనే. వెళ్ళి చెప్పాను. సిరంజిని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగానే ఉందమ్మాయ్. ఇది మన ఇద్దరికే తెలుసు," అన్నారు.

ఆయన్ని మీరు తప్పుగా అనుకోవద్దు. ఆయన భయమంతా నా గురించే. మా నాన్న వన్‌టౌన్‌లో తాళాలు బాగుచేసేవాడు. అప్పటికి ఆయనకి చేతులు వణకడం మొదలైంది. ఇల్లు నా జీతం మీద నడుస్తోందని బాబాయ్‌కి తెలుసు. పైగా మా వాళ్ళలో ఆడపిల్లని నర్సు ఉద్యోగానికి పంపడం ఏమిటని మా అమ్మ వైపు వాళ్ళు అప్పటికీ అంటూనే ఉండేవాళ్ళు. ఉద్యోగం పోతే వాళ్ళ మాటే నెగ్గుతుంది.

అయిదు నిమిషాలు మనసు అటూ ఇటూ ఊగింది. చెప్పకూడదని నిజంగానే అనుకున్నాను, దాచను. సిరంజిని ట్రేలో పెట్టేశాను కూడా. అంతలో వార్డులోంచి ఆవిడ గొంతు వినిపించింది. తమ్ముణ్ణి గేదెల గురించి అడుగుతోంది. తెల్లమచ్చ గేదె కొత్త చెయ్యి పడితే పాలు దింపదని, పాలు పితికే మనిషికి ఆ మాట చెప్పి వచ్చావా లేదా అని. ట్రేలోంచి సిరంజి తీసుకుని డాక్టరు గారి గదికి వెళ్ళాను.

ఆయన కాఫీ తాగుతున్నారు. జరిగింది చెప్పి సిరంజి బల్ల మీద పెట్టాను. కోప్పడతారనుకున్నాను. కప్పు కింద పెట్టి డబ్బా మీద రాసింది చదివారు, ఆ ముక్కలు మా ఇద్దరికీ కంఠతా వచ్చినా సరే.

"గడ్డకట్టి కరిగింది కంట్లో ఎలా ఉంటుందో నాకూ తెలీదు. ఏమీ కాకపోవచ్చు. కానీ నాకు తెలియనిదాన్ని ఆవిడ ఉన్న ఒక్క కంట్లో పెట్టను," అన్నారు.

వెంటనే డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ చేయించారు. స్టాకు లేదు, మద్రాసు నుంచి రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. నాలుగు రోజులు ఆ కన్ను ఆగదు. మళ్ళీ గట్టిగా అడిగితే ఒక సంగతి చెప్పారు. కంపెనీ రిప్రజెంటేటివ్ ఒకాయన ఒక సిరంజి తీసుకుని ఏలూరు బయల్దేరాడు. దారిలో హనుమాన్ జంక్షన్‌లో దిగి మందుల షాపులు చూసుకుని వెళతాడు. షాపుకి ఫోన్ చేసి ఆయన్ని ఆపమంటే ఆపుతారు.

"నువ్వే వెళ్ళు సిస్టర్," అన్నారు డాక్టరు గారు. "ఇవాళ ఈ ఊళ్ళో ఆ మందుని నీకంటే జాగ్రత్తగా తెచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. వెళ్ళేముందు ఆవిడకి చెప్పి వెళ్ళు."

సస్పెండ్ చేసినా అంత కష్టంగా ఉండేది కాదేమో. వార్డులోకి వెళ్ళి ఆవిడ మంచం పక్కన నిలబడ్డాను. మీ కంటి కోసం దాచిన మందుని నేను ఐస్ అరలో పెట్టి గడ్డ కట్టించానని, పాడైందో లేదో తెలియదు కాబట్టి వాడటం లేదని, ఇంకొకటి తేవడానికి వెళుతున్నానని, ఆపరేషన్ మధ్యాహ్నానికి మారిందని చెప్పాను. తమ్ముడు లేచి నిలబడ్డాడు. ఇదేం ఆస్పత్రి, పద అక్కా ఇంకెక్కడికైనా పోదాం అన్నాడు. ఆవిడ చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"కరిగాక బాగానే ఉందామ్మా అది?"

"చూడటానికి బాగానే ఉందండీ."

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదుగా?"

"తెలీదండీ."

"మరి ఎందుకు చెప్పావు?"

మీకు ఉన్నది ఒక్క కన్నేగా అన్నాను. ఆవిడ గాల్లో తడుముకుని నా చెయ్యి పట్టుకుంది. పాలు పితికిన చెయ్యి, గట్టిది.

"సరే, వెళ్ళి తెచ్చుకో," అంది. "నేనెక్కడికీ పోనులే. పోదామన్నా దారి కనపడదు."

తమ్ముడు మొహం తిప్పుకున్నాడు. నేను నవ్వాలో ఏడవాలో తెలియక మెట్లు దిగాను.

బాబాయ్ వాళ్ళింటి థర్మాస్ ఫ్లాస్కు, వెడల్పు మూతిది, తెప్పించి ఇచ్చారు. ఏలూరు బస్సెక్కాను. కిటికీ లోంచి వడగాలి కొడుతోంది. ఒళ్ళో ఖాళీ ఫ్లాస్కు పెట్టుకుని, వచ్చిన దువాలు, అంటే మా ప్రార్థనలు, అన్నీ చదువుకున్నాను. ఆ రిప్రజెంటేటివ్ వెళ్ళిపోకుండా ఉంటే చాలు అనుకున్నాను. గన్నవరం దాటాక, ఆయన ఉన్నా ఇవ్వకపోతే ఏం చేయాలన్న ఆలోచన వచ్చింది. అది ముందు ఎందుకు రాలేదో తెలియదు.

ఆయన ఉన్నాడు. షాపాయన స్టూలేసి, సోడా ఇప్పించి కూర్చోబెట్టాడు. సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి. ఆ ఎండలో కూడా టై తీయలేదు. నేను భయపడినట్టే ఇవ్వనన్నాడు. మర్యాదగానే అన్నాడు. ఏలూరులో ఒక డాక్టరమ్మ మర్నాటి ఆపరేషన్ కోసం నెల ముందే చెప్పి తెప్పించుకుందని, మాట ఇచ్చానని, ఇప్పుడు ఇంకొకళ్ళకి ఎలా ఇవ్వనండీ అన్నాడు. న్యాయమే. అయితే ఆవిడతోనే మాట్లాడించండి అని అడిగాను.

పక్కనే ఎస్టీడీ బూత్. ఆయన ముందు మాట్లాడి, రిసీవర్ నా చేతికిచ్చాడు. అవతల గొంతు గంభీరంగా ఉంది. కేసు గురించి అడిగారు. చెప్పాను. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది.

"ఫ్రీజర్‌లో పెట్టింది ఎవరు?"

"నేనేనండీ."

"మీ డాక్టరు గారికి తెలుసా?"

"చెప్పే వచ్చానండీ."

"పేషెంటుకి?"

"ఆవిడకీ చెప్పానండీ."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడయింది.

"నా కేసు వారం ఆగినా ఫరవాలేదు, తీసుకెళ్ళండి," అన్నారావిడ. "సిరంజిని ఐసుకి ఆనించకండి. బట్ట చుట్టి పెట్టండి."

ఆవిణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు. ఏలూరు మీదుగా రైల్లో వెళ్ళినప్పుడల్లా ఆ గొంతు గుర్తొస్తుంది.

రిప్రజెంటేటివ్ తన జేబురుమాలు, అది ఉతికి ఇస్త్రీ చేసింది, నాలుగు మడతలు పెట్టి డబ్బాకి చుట్టాడు. పక్క సోడా కొట్లో ఐసు ముక్కలు తీసుకుని ఫ్లాస్కు అడుగున వేసి, పైన ఇంకో గుడ్డ వేసి, అప్పుడు డబ్బా పెట్టాడు. తిరుగు బస్సులో సీటు దొరకలేదు. ఫ్లాస్కుని రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడితే కండక్టర్ టికెట్ నా పైట చెంగుకి గుచ్చి వెళ్ళాడు. ఆ ఎండలో బస్సులో అందరి కళ్ళూ ఫ్లాస్కు మీదే. ఒక ముసలాయన గుక్కెడు నీళ్ళు పొయ్యమ్మా అని అడిగాడు. నీళ్ళు కాదు తాతగారూ, మందు అన్నాను. ఆయన నమ్మలేదు. ఈ కాలం పిల్లలు గుక్కెడు నీళ్ళక్కూడా అబద్ధాలాడుతున్నారని పక్కాయనతో అన్నాడు. మా ప్రవక్త దప్పిక తీర్చడం గొప్ప పుణ్యమన్నారని మా నాయనమ్మ చెబుతూ ఉండేది. ఆ ముసలాయన బస్సు దిగేదాకా నేను తలెత్తలేదు.

ఆస్పత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. డాక్టరు గారు అన్నం తినకుండా కూర్చున్నారు. బాబాయ్ డబ్బా విప్పి సిరంజి దీపం ముందు పెట్టి మూడుసార్లు చూసి తల ఊపారు. తీరా చూస్తే, ఆ మందు కంట్లోకి వెళ్ళేముందు చల్లదనం పోయి గది వేడికి రావాలి, దానికి అరగంట. పొద్దుటినుంచి చల్లగా ఉంచడానికి పరుగులు పెట్టి, ఇప్పుడు వేడెక్కే దాకా చేతులు కట్టుకుని కూర్చోవడం. ముగ్గురం గోడకి ఆనుకుని గడియారం చూస్తూ కూర్చున్నాం. నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వలేదు.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పను. మత్తు ఇంజక్షన్ కంటి చుట్టూ ఇచ్చారు, ఆవిడ మెలకువగానే ఉంది. కోత పెట్టగానే ఉబ్బిన శుక్లం ముందుకు తోసుకొచ్చింది, పైపొరకీ దానికీ మధ్య జాగా లేకుండా పోయింది. నేను సిరంజి అందించాను. డాక్టరు గారు మెల్లగా ఎక్కించారు. కూలబోయిన పొర అలా పైకి లేచి నిలబడింది. లోపల చోటు పుట్టింది. ఆ చోటులోంచి ముదిరిన శుక్లం బయటికి వచ్చింది, ఆ చోటులోంచే కొత్త లెన్సు లోపలికి వెళ్ళింది. అప్పటికి ఎన్నో ఆపరేషన్లు చూశాను. ఒక మందు తన పని తాను చేయడం అంత స్పష్టంగా చూసింది మాత్రం ఆ రోజే.

చివర్లో కడగడం. డాక్టరు గారు కడుగుతూనే ఉన్నారు. చాలేమో సార్ అన్నారు బాబాయ్. ఇంకా ఉంది అని మళ్ళీ కడిగారు. లెన్సు వెనక దాక్కుంటుంది ఇది, దొంగది అన్నారు. ఆవిడ గుడ్డ కిందనుంచి, "ఎవరండీ దొంగది?" అని అడిగింది. అప్పుడు నవ్వాం అందరం.

మర్నాడు కట్టు విప్పితే ప్రెషర్ బాగానే ఉంది గానీ కార్నియా మసకగా ఉంది. పొగమంచు పట్టినట్టుంది, మనుషులు కదులుతున్నట్టు తెలుస్తోంది అంది. కణాలు కొన్ని దెబ్బతిన్నాయి, మిగిలినవి కోలుకుని నీరు లాగేస్తే మసక పోతుంది, లేకపోతే లేదు, చూడాలి అన్నారు డాక్టరు గారు. ఆ చూడాలి అన్న మాట మీద నాలుగు రోజులు గడిచాయి. రోజుకి ఎన్నిసార్లు చుక్కలు వేయమన్నారో అన్నిసార్లు నేనే వేశాను, డ్యూటీ కానప్పుడు కూడా. తమ్ముడు నాతో మాట్లాడేవాడు కాదు. మూడో రోజు బాబాయ్ పనిముట్లు ఉడకబెడుతూ, నా వైపు చూడకుండా ఒక మాట అన్నారు. నువ్వు చెప్పడమే మంచిదైందమ్మాయ్, నేనైతే చెప్పేవాణ్ణి కాదు, ఈ మూడు రోజులూ నిద్రపోయేవాణ్ణీ కాదు అని. ఆయన దగ్గర నేర్చుకున్న పని అంతా ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ముందు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

అయిదో రోజు పొద్దున కట్టు విప్పి, కంటి మూలలు తుడిచి, కళ్ళు తెరవండి అన్నాను. తెరిచింది. నా మొహం వైపు చాలాసేపు చూసింది.

"నువ్వింత చిన్నపిల్లవా?" అంది. "గొంతు విని నలభై ఏళ్ళ మనిషివనుకున్నా."

తర్వాత తమ్ముడి వైపు తిరిగి, ఎన్నాళ్ళయిందిరా గడ్డం గీసుకుని అని కేకలేసింది. అతను వరండాలోకి వెళ్ళి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కాసేపయ్యాక వచ్చి నాకు రెండు చేతులూ జోడించాడు. వద్దండీ అన్నాను. నిజంగానే వద్దు, ఆ దణ్ణం ఏలూరు వైపు పెట్టాల్సింది.

ఆ కన్ను నిలిచింది. కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ ప్రతి ఏడూ పరీక్షకి వచ్చేది. గేదె ఈనిన ఏడైతే జున్ను పట్టుకొచ్చేది. అది నా చేతికిస్తూ, ఇది ఎక్కడ పెట్టాలో తెలుసుగా అనేది. వార్డులో అందరూ ఎందుకు నవ్వుతున్నారో కొత్తగా చేరిన నర్సులకి అర్థమయ్యేది కాదు, నేనే చెప్పుకోవాల్సి వచ్చేది. అలా ఆ కథ నా నోటితోనే ఆస్పత్రంతా పాకింది. మొదట్లో సిగ్గుగా ఉండేది. తర్వాత్తర్వాత సిగ్గు పోయి, నా నోటితోనే చెప్పడం నాకు అలవాటైంది.

రెండు వేల సంవత్సరం దాటాక ఆస్పత్రి పెద్దదైంది. కొత్త మిషన్లు, కొత్త డాక్టర్లు, ఉష్ణోగ్రత అంకెల్లో చూపించే మందుల ఫ్రిజ్. హైలూరోనేట్ కూడా రకరకాలుగా రావడం మొదలైంది, చిక్కటివి, పలచటివి. పుంజుల అవసరం కూడా చాలావరకు తప్పిందట, ల్యాబుల్లో సూక్ష్మజీవులతో తయారు చేస్తున్నారన్నారు. మా ఆయమ్మ అప్పటికి రిటైరైపోయింది, లేకపోతే బాధపడేది.

ఆ రోజుల్లో డాక్టరు గారికి ఒక కోరిక పుట్టింది. బలహీనమైన కార్నియా ఉన్నవాళ్ళలో ఈ మందు వాడినప్పుడు ఎవరికి ఎలా ఉంది, వాడనప్పుడు ఎలా ఉంది, తన పాత కేసులన్నీ తీసి ఒకచోట రాసి, కంటి డాక్టర్ల సమావేశంలో చదవాలని. ఆదివారాలు పాత కేసు షీట్లు బస్తాల్లోంచి తీయించారు. నేను చదువుతుంటే ఆయన రాసుకునేవారు. పేరు వద్దు, కన్ను, మందు, ఫలితం, అంతే. ఆ పని నాకు బాగా నచ్చింది. అన్నేళ్ళుగా వచ్చిన మనుషులందరూ ఒక్కొక్కరే మళ్ళీ వచ్చి కూర్చుని లేచి వెళుతున్నట్టుండేది.

ఒక ఆదివారం ఆ గేదెలావిడ షీటు చేతికొచ్చింది. చదవడం ఆపేశాను. ఆయనకి అర్థమైంది. కలం పక్కన పెట్టి అన్నారు:

"ఆ రోజు నువ్వు చెప్పకుండా ఆ పాడైన సిరంజే ఇచ్చి, కన్ను పోయి ఉంటే, ఇప్పుడు నేనిక్కడ ఏం రాసేవాణ్ణో తెలుసా? హైలూరోనేట్ వాడినా కన్ను నిలవలేదు అని రాసేవాణ్ణి. అబద్ధమని నాకే తెలిసేది కాదు. ఇంకో డాక్టరు అది నమ్మి, ఇంకో పేషెంటుకి వాడటం మానేసేవాడు."

నేను ఆ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు తెలిసింది ఒక్క ఆవిడ, ఒక్క కన్ను. థియేటర్‌లో ట్రే పట్టుకుని నిలబడే మనిషి మాట అంత దూరం వెళుతుందని అంత సర్వీసులో నాకు తట్టలేదు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఆయన కాగితం నా వైపు జరిపి, ఈ కేసు నువ్వే రాయి అన్నారు. రాశాను. మొదటి సిరంజి గడ్డకట్టినందున వాడలేదు. మరొకటి తెప్పించి వాడాం. చూపు నిలిచింది. కింద, రిమార్కుల గడిలో, "పొరపాటు: థియేటర్ సిస్టర్" అని రాసి కాగితం తిరిగిచ్చాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. పొరపాటు అన్న ఒక్క మాట మీద గీత కొట్టి, పైన "తెలియజేసినవారు" అని రాసి, తర్వాతి షీటు చదవమన్నారు.